మానిక, మణుగు

తెలుగు భాషలో పరిమాణాన్ని చెప్పే తీరులు మూడున్నవి. ‘తవ్వెడు బియ్యం’, ‘గరిటెడు నెయ్యి’, ‘చిటికెడు పసుపు’ అన్నప్పుడు ‘ఎడు’ అనే ప్రత్యయం ఒక పాత్రనో, చేతినో నింపిన పరిమాణాన్ని తెలుపుతున్నది. ‘తులమెత్తు బంగారం’, ‘రూపాయెత్తు కర్పూరం’ అన్నప్పుడు ‘ఎత్తు’ అనే మాట త్రాసులో ఎదురు తట్టన ఉన్న వస్తువుతో సరితూగిన బరువును తెలుపుతున్నది. ‘నిమ్మకాయంత చింతపండు’, ‘ఉసిరికాయంత బెల్లం’ అన్నప్పుడు ‘అంత’ అనేది కంటికి కనిపించే ఆకారంతో పోల్చి చెప్పుతున్నది. పోసినప్పుడు పారే వస్తువుకు ‘ఎడు’, విలువైన వస్తువుకు ‘ఎత్తు’, ముద్దకట్టే వస్తువుకు ‘అంత’: ఈ విభజన ఏ శాసనం వల్లనో ఏర్పడినది కాదు. వస్తువుల స్వభావాన్ని బట్టి జాతి నోట దానంతట అదే స్థిరపడినది.

వంటింటిలో ‘ఎడు’కు ఉన్న అధికారం మిక్కిలి పెద్దది. అంగడిలో ‘ఎత్తు’దే పైచేయి. ఒకే బియ్యం అంగడిలో బరువుగా మారి, ఇంటిలో పరిమాణంగా మారుతున్నది. ఈ రెండింటికీ నడుమ మార్పిడి నిత్యం జరుగుతూనే ఉన్నా, స్వస్థలంలో ఉన్నంతకాలం అది ఎవరి దృష్టికీ రాదు. మనుషులు ఊరు విడిచి, వేరొక తూకం చెల్లే సీమకు పోయినప్పుడే అది సమస్యగా నిలుస్తుంది. ఆ సమస్యను తెలుగువారు ఎదుర్కొన్న చోట్లలో జమ్‌షెడ్‌పూరు ముఖ్యమైనది. ఆ కథలోనికి పోవడానికి ముందు రెండు పద్ధతుల స్వరూపాన్ని తెలుసుకోవడం అవసరం.

కొలతలలో గిద్ద చిన్నది. నాలుగు గిద్దలు ఒక సోల, రెండు సోలలు ఒక తవ్వ, రెండు తవ్వలు ఒక మానిక, రెండు మానికలు ఒక అడ్డ, రెండు అడ్డలు ఒక కుంచం, నాలుగు కుంచాలు ఒక తూము, ఇరవై తూములు ఒక పుట్టి. సోల మొదలు కుంచం వరకు అంతా రెట్టింపు వరస. పాత్రను నింపి మరొక పాత్రలో రెండు మారులు పోస్తే చాలును. లెక్క రానివారికి కూడా ఇందులో చిక్కు లేదు. కళ్ళంలో ధాన్యం కొలిచేవాడు మొదటి కొలతను ‘ఒకటి’ అనక ‘లాభం’ అని పిలిచి, తరువాత ‘రెండు’ అని సాగడం తెలుగుదేశమంతటా ఉన్న ఆచారం. ‘పుట్టెడు దుఃఖం’, ‘గంపెడాశ’ వంటి పలుకుబళ్ళు ఈ కొలతలు భాషలో ఎంత లోతుగా దిగినవో చూపుతున్నవి.

తూనికలకు ఆధారం తులం. మూడు తులాలు ఒక పలం, అయిదు పలాలు ఒక ఏబులం, పది పలాలు ఒక పదలం, నలభై పలాలు ఒక వీసె, ఎనిమిది వీసెలు ఒక మణుగు. 1833లో ఈస్టిండియా కంపెనీ ప్రభుత్వం తులాన్ని 180 గ్రెయిన్లుగా నిర్ణయించినది. 1835లో వెలువడిన కంపెనీ రూపాయి కూడా సరిగ్గా అంతే బరువు. అందువల్ల జేబులోని రూపాయే తూకపురాయి అయినది. ‘రూపాయెత్తు’ అన్న మాట అక్షరాలా నిజమైనది. నేటి లెక్కలో తులం 11.66 గ్రాములు, పలం సుమారు 35 గ్రాములు, వీసె సుమారు 1.4 కిలోగ్రాములు; మణుగు సుమారు 11.2 కిలోగ్రాములు.

ఈ రెండు పట్టికలకూ మధ్య ఒక వంతెన ఉండవలెనని ప్రాచీనులు ఎరుగనివారు కారు. ఆర్. శామశాస్త్రి 1909లో ప్రకటించిన కౌటిలీయ అర్థశాస్త్రంలో, రెండవ అధికరణంలోని తులామాన ప్రకరణం ఈ విషయానికి సంబంధించినదే. ద్రోణం అనేది ధాన్యం కొలిచే పాత్ర. దాని పరిమాణాన్ని కౌటిల్యుడు అంగుళాలలో చెప్పలేదు. రెండు వందల పలాల మినుములు పట్టేది రాజాదాయానికి చెల్లే ద్రోణమని చెప్పినాడు. వ్యవహారంలో చెల్లే ద్రోణానికి 187½ పలాలు, భృత్యులకిచ్చే ద్రోణానికి 175 పలాలు, అంతఃపురపు ద్రోణానికి 162½ పలాలు. ప్రజల నుంచి తీసుకొనేటప్పుడు పెద్ద ద్రోణం, ఇచ్చేటప్పుడు చిన్న ద్రోణం అన్న రాజనీతిని అలా ఉంచి, ఇందులోని శాస్త్రాన్ని గమనించవలెను. పాత్రను బరువుతో నిర్వచించడానికి ఏదో ఒక పదార్థం పేరు చెప్పక తప్పదు. కౌటిల్యుడు మినుములను ఎన్నుకొన్నాడు. ‘ద్రోణం ఇన్ని పలాలు’ అని ఊరక చెప్పి ఉంటే ఆ వాక్యానికి అర్థం ఉండేది కాదు.

అదే ప్రకరణంలో ‘శిఖ’ను గురించిన నియమం కూడా ఉన్నది. కొలపాత్ర అంచు మీద గోపురంలా నిలిచే భాగమే శిఖ. కొన్నిటిని శిఖతో కొలవవలెను, కొన్నిటిని శిఖ లోపలికే చేరేటట్టు కొలవవలెను. ద్రవాలకు శిఖ లేదు. భాస్కరాచార్యుడు 1150లో రచించిన లీలావతిలోని రాశి వ్యవహారం ఈ విషయాన్ని గణితంగా మార్చినది. నేల మీద పోసిన ధాన్యపు రాశి ఎత్తు, ముతక ధాన్యమైతే చుట్టుకొలతలో పదవ వంతు, సన్న ధాన్యమైతే పదకొండవ వంతు, ముల్లు గల ధాన్యమైతే తొమ్మిదవ వంతు అని అతడు చెప్పినాడు. గింజ స్వభావాన్ని బట్టి రాశి వాలు మారుతుందన్న సంగతిని ఈ మూడు అంకెలు పట్టి ఇస్తున్నవి. కళ్ళంలో జీవితమంతా గడిపిన రైతుకు తెలిసిన సంగతే ఇది, గ్రంథంలోకి ఎక్కినది.

ఆయుర్వేదం ఇంకొక మెట్టు ముందుకు పోయినది. శార్ఙ్గధర సంహితలో గుంజ మొదలు కుడవం వరకు పొడి వస్తువుకూ ద్రవానికీ ఒకే మానం. ప్రస్థం మొదలుకొని ద్రవాలకు, పచ్చి మూలికలకు మానం రెట్టింపు. అనగా ‘ప్రస్థం’ అనే మాట ఒకటే అయినా పదార్థం మారగానే దాని తూకం మారుతుంది. దీనికి ద్రవద్వైగుణ్యమని పేరు. ఔషధం కాచేవాడు ఈ నియమాన్ని మరచి తైలానికీ చూర్ణానికీ ఒకే లెక్క వేస్తే పాకం చెడుతుంది. ఇంతేకాక ఆయుర్వేద గ్రంథాలు మాగధమానం, కాళింగమానం అని రెండు మానాలను పేర్కొని, వాటిలో మాగధమే శ్రేష్ఠమని మానవేత్తల మతంగా చెప్పినవి. ఒక దేశపు తూకం మరొక దేశపు తూకంతో కలియదని వైద్యులు ఏనాడో గుర్తించినారు.

తెలుగులో ఈ విషయాన్ని మొదట ఎదుర్కొన్నవాడు అనువాదకుడే కావడం విశేషం. జైన గణితవేత్త మహావీరాచార్యుడు తొమ్మిదవ శతాబ్దిలో రాష్ట్రకూట అమోఘవర్షుని కాలంలో రచించిన గణితసారసంగ్రహం మొదటి ప్రకరణమే మానాల పరిభాష. దానిని పావులూరి మల్లన తెలుగు చేసినాడు. కుడవం, ప్రస్థం, ద్రోణం, ఖారి అనే మాటలతో ఉన్న గ్రంథాన్ని తెలుగువారికి అందించేవానికి మానాల సమస్య తొలి పుటలోనే ఎదురవుతుంది. గణిత గ్రంథానువాదంలో సంఖ్యను మార్చడం సులభం. మానాన్ని మార్చడం కష్టం. వెనుక చెప్పబోయే జమ్‌షెడ్‌పూరు కథ కూడా ఒక విధంగా అనువాద కథయే.

కళింగం నుంచి వచ్చినవారు మాగధమానంలో చిక్కుకొన్న సన్నివేశం ఇరవయ్యవ శతాబ్దిలో మళ్ళీ జరిగినది. టాటా ఇనుము ఉక్కు కంపెనీ 1907లో ఏర్పడినది. సువర్ణరేఖ, ఖర్కాయి నదుల సంగమానికి చేరువగా, సింగ్‌భూమ్ జిల్లాలోని సాక్చి అనే పల్లెలో కర్మాగారాన్ని నిర్మించినారు. 1911 డిసెంబరు 2న మొదటి ఇనుము, 1912 ఫిబ్రవరి 16న మొదటి ఉక్కు వెలువడినవి. 1919లో వైస్రాయి చెమ్స్‌ఫర్డ్, జమ్‌షెట్‌జీ టాటా స్మరణార్థం ఆ పట్టణానికి జమ్‌షెడ్‌పూరు అని పేరు పెట్టినాడు. కాలిమాటి రైలు స్టేషను టాటానగర్ అయినది. ఆ సీమ 1912 నుంచి బీహారు ఒరిస్సా రాష్ట్రంలోను, 1936 నుంచి బీహారులోను ఉండి, 2000 నవంబరు 15న ఝార్ఖండ్‌లో చేరినది. ప్రాచీన మగధను తనలో ఇముడ్చుకొన్న రాష్ట్రంలో ఉండడం వల్ల ఆ పట్టణపు బజారులో చెల్లినది ఉత్తరాది తూకమే.

బెంగాల్ నాగపూర్ రైల్వే మార్గం తూర్పు తీరాన్ని ఖరగ్‌పూరుతోను, ఖరగ్‌పూరును టాటానగర్‌తోను కలిపినది. ఆ దారిన శ్రీకాకుళం, విశాఖపట్నం ప్రాంతాల నుంచి తెలుగువారు ఉక్కు పనికి పోయి స్థిరపడినారు. బిష్టుపూరులోని ఆంధ్రభక్త శ్రీరామ మందిరం, కదమాలోని ఆంధ్ర సంఘం ఆ స్థిరనివాసానికి గుర్తులు. గుడిని, సంఘాన్ని కట్టుకొన్నవారు తమ వంటను కూడా వెంట తెచ్చుకొన్నారు. అయితే వంటకు కావలసిన సరకులు మాత్రం ఆ ఊరి తూకంతోనే రావలసి ఉండినవి.

ఇక్కడ మొదటి చిక్కు పేర్లది. తెలుగుదేశంలో మద్రాసు తూకం ప్రకారం ఇరవైనాలుగు తులాలు ఒక సేరు, అయిదు సేర్లు ఒక వీసె. జమ్‌షెడ్‌పూరు బజారులో ఎనభై తులాలు ఒక సేరు. అది 933 గ్రాములు. అక్కడ అయిదు సేర్లు ఒక పసేరీ, నలభై సేర్లు ఒక మణుగు. ఆ మణుగు 37.3 కిలోగ్రాములు. శ్రీకాకుళపు మణుగు 11.2 కిలోగ్రాములు మాత్రమే. ‘మణుగు బియ్యం’ అనే మాట ఒకటే అయినా, రైలు దిగేసరికి అది మూడింతలు దాటి పెరిగినది. ఇంటికి రాసే ఉత్తరంలో ‘నెలకు మణుగు బియ్యం పడుతున్నవి’ అని ఉంటే, అది ఏ మణుగో తెలియనిదే ఆ కుటుంబం ఆకలితో ఉన్నదో, అతిథులతో నిండి ఉన్నదో గ్రహించడం సాధ్యం కాదు.

పేర్ల చిక్కు విడిపోయిన తరువాత లెక్క ఆశ్చర్యకరంగా తేలికైనది. రెండు పద్ధతులకూ తులం ఒకటే కావడం దానికి కారణం. వీసెకు నూట ఇరవై తులాలు, అక్కడి సేరుకు ఎనభై. కాబట్టి వీసె అంటే సరిగ్గా సేరున్నర. అయిదు తులాలు ఒక ఛటాకు. కాబట్టి పదలం సరిగ్గా ఆరు ఛటాకులు, ఏబులం మూడు ఛటాకులు. మిగులు లేదు, కొరత లేదు. ఒకమారు నేర్చుకొన్నవారికి జీవితాంతం సరిపోయే లెక్క. తూకం నుంచి తూకానికి మార్చడం అంకగణితమే.

కొలత సంగతి అట్లా కాదు. తవ్వ, మానిక, కుంచం అనేవి సంఖ్యలు కావు, వస్తువులు. కుంచం ఊరూరికీ భేదించేది. కొన్ని చోట్ల శిఖతో కొలిచేవారు, కొన్ని చోట్ల అంచుకు చదును చేసి కొలిచేవారు. తూకాన్ని ఉత్తరంలో రాసి పంపవచ్చును; కొలత మాత్రం పెట్టెలో పెట్టుకొని రావలసినదే. ఊరి తవ్వ సామానుతో వచ్చిన ఇంటిలో ఊరి కొలత నిలిచినది. రాని ఇంటిలో గ్లాసో, డబ్బానో దాని స్థానాన్ని ఆక్రమించినది. అక్కడి సంతలలో ‘పైలా’ అనే కొలపాత్రతో బియ్యం, పప్పు, మరమరాలు కొలిచి ఇచ్చే ఆచారం ఛోటానాగపూరు సీమలో అనాదిగా ఉన్నది. మల్హారు పనివారు లోహంతో పోతపోసిన పైలాలు ప్రసిద్ధమైనవి. అంగడిలో సేరు, సంతలో పైలా, ఇంటిలో తవ్వ: ఒకే దినుసుకు మూడు మానాలు.

తెలుగు వంటలలో అనేకం ఈ గందరగోళాన్ని క్షేమంగా దాటినవి. ఇడ్లీకి పప్పు ఒకటికి రవ్వ రెండు, పులగానికి బియ్యం రెండుకు పెసరపప్పు ఒకటి అని చెప్పే వంటలు నిష్పత్తి వంటలు. ఏ పాత్రతో కొలిచినా, రెండింటినీ అదే పాత్రతో కొలిస్తే చాలును. తవ్వ పోయి గ్లాసు వచ్చినా నష్టం లేదు. ప్రవాసంలో తెలుగు వంట నిలవడానికి ఈ నిష్పత్తి పద్ధతి ఒక ముఖ్యకారణమని చెప్పవచ్చును. చిక్కు వచ్చినది రెండు మానాలనూ కలిపిన వంటలలో.

సంక్రాంతికి చేసే అరిసెలు ఇందుకు మంచి నిదర్శనం. బియ్యాన్ని కుంచంతోనో, మానికతోనో కొలుస్తారు. బెల్లాన్ని వీసెలలో, పదలాలలో తూస్తారు. బెల్లం గడ్డ గనుక పాత్రలో పోసి కొలవడం కుదరదు. ‘ఇన్ని మానికల బియ్యానికి ఇంత బెల్లం’ అనే వాక్యంలో సగం కొలత, సగం తూకం. జమ్‌షెడ్‌పూరులో బెల్లం సగాన్ని సేర్లలోకి మార్చడం నిమిషం పని. బియ్యం సగాన్ని మార్చడానికి ఆ ఊరి మానికలో ఎన్ని తులాల బియ్యం పడుతుందో ముందు తెలియవలెను. అదీ పొడి బియ్యమా, నానిన బియ్యమా అన్నది తేల్చుకోవలెను. బియ్యం నానినప్పుడు నీరు పీల్చి బరువెక్కుతుంది. దంచిన తడిపిండి పొడిపిండి కంటె బరువు. కాబట్టే కొలత ఎప్పుడూ నానవేయక ముందు బియ్యానికే చెప్పినారు. ఆ సంగతి మాటలలో ఉండదు, ఆచారంలో ఉంటుంది. ఆచారం తెలియనివారు పిండిని తూస్తే పాకం కుదరదు.

ఆవకాయలో ప్రమాదం ఇంకా పెద్దది. అనేక ఇండ్లలో ఉప్పు, కారం, ఆవపిండి సమానంగా వేస్తారు. ఆ ‘సమానం’ సోలెడుకు సోలెడు. తులానికి తులం కాదు. లీటరు పాత్రలో మెత్తగా దంచిన ఉప్పు సుమారు 1200 గ్రాములు పడుతుంది. కారం, ఆవపిండి తేలికైనవి. అరకిలోకు అటూ ఇటూ మాత్రమే పడుతవి. సోలతో కొలిచినప్పుడు ఆ మూటిలో ఉప్పు బరువులో సగానికి పైన ఉంటుంది. ఉత్తరంలో ‘మూడూ సమానం’ అని చదివి అంగడిలో మూడింటినీ సేరు చొప్పున తూపించి కలిపితే ఉప్పు మూడవ వంతుకు దిగిపోతుంది. ఏడాది నిలవవలసిన ఊరగాయను నిలిపేది ఉప్పే. ఒక మాటను కొలతగా చదవక తూకంగా చదివినందుకు జాడీ అంతా బూజు పట్టవచ్చును. ‘సమానం’ అనే సంస్కృత పదంలో తప్పు లేదు. ఏ మానంలో సమానమో చెప్పకపోవడంలోనే తప్పున్నది.

ప్రభుత్వాలు ఈ సమస్యను ఎదుర్కొన్న విధం కూడా గమనింపదగినది. 1871 నాటి చట్టం సేరును కిలోగ్రాముకు సమానం చేసి, ఒక సేరు నీరు పట్టే పాత్రను పరిమాణానికి ప్రమాణంగా నిర్ణయించినది. కాని అది అమలులోనికి రాలేదు. 1939లో వచ్చి, 1942 జూలై 1 నుంచి అమలైన చట్టం తులాన్ని, ఎనభై తులాల సేరును, నలభై సేర్ల మణుగును దేశానికి ప్రమాణంగా చెప్పినది. అది తూకాల చట్టం మాత్రమే. కొలతల జోలికి పోలేదు. 1956లో పార్లమెంటు మెట్రిక్ పద్ధతిని స్వీకరించినది. 1958 అక్టోబరు 1న కిలోగ్రాము వాడుకలోనికి రావడం మొదలై, 1962 ఏప్రిల్ 1 నాటికి దేశమంతటా తప్పనిసరి అయినది. తూకాలు ముందు వచ్చినవి, లీటరు తరువాత వచ్చినది. మద్రాసు మణుగు, బెంగాలు మణుగు రెండూ ఒక్కసారిగా చెల్లనివైనవి. తెలుగుదేశానికీ జమ్‌షెడ్‌పూరుకూ నడుమ ఉన్న తూకపు సరిహద్దు అంతటితో చెరిగిపోయినది.

ఆ 1958-59 సంవత్సరంలోనే భారత ప్రభుత్వ కార్మిక సంస్థవారు యాభై పారిశ్రామిక కేంద్రాలలో కార్మిక కుటుంబాల జీవనాన్ని పరిశీలించినారు. ఆ కేంద్రాలలో జమ్‌షెడ్‌పూరు ఒకటి. దాని ఆధారంగా 1960 మూలసంవత్సరంగా వినియోగ ధరల సూచిక రూపొందినది. కార్మికుని కరవుభత్యానికి అటువంటి సూచికయే ఆధారం. ధరను పోల్చవలెనంటే పరిమాణం స్థిరంగా ఉండవలెను. అందువల్ల వంటింటి తవ్వెడు, గ్లాసెడు అన్నీ తూకంలోనికి మారక తప్పలేదు. కార్మికుని ఇంటి కొలత తప్పుగా మారితే అతని జీతపు లెక్క కూడా తప్పుతుంది. మార్పిడి అనేది కేవలం వంటవారి వ్యవహారం కాదని దీనివల్ల స్పష్టమవుతున్నది.

మెట్రిక్ పద్ధతి కొలతకూ తూకానికీ ఉన్న సంబంధాన్ని నీటితో ముడివేసినది. 1795లో ఫ్రాన్సు గ్రామును ఘనసెంటీమీటరు నీటి బరువుగా నిర్వచించినది. 1901లో అంతర్జాతీయ సభ లీటరును కిలోగ్రాము నీరు ఆక్రమించే స్థలంగా నిర్ణయించినది; 1964లో ఆ ముడిని విప్పి లీటరు అంటే సరిగ్గా ఘనడెసీమీటరు అని మార్చినది. కౌటిల్యునికి మినుములు ఎట్లాగో, కొత్త పద్ధతికి నీరు అట్లాగు. ‘లీటరు అంటే కిలో’ అన్న మాట నీటికి మాత్రమే చెల్లుతుంది. లీటరు పాత్రలో బియ్యం సుమారు 800 నుంచి 850 గ్రాములు, నూనె సుమారు 910 గ్రాములు, గోధుమపిండి 500 నుంచి 600 గ్రాములు. పిండిని వదులుగా పోస్తే ఒక బరువు, అదిమి పోస్తే మరొక బరువు. ఇతర దేశాలలోనూ ఈ చిక్కు తీరలేదు. అమెరికాలో ఫానీ ఫార్మర్ 1896లో ప్రకటించిన వంటల పుస్తకం, అంచుకు సమంగా చదును చేసిన కప్పును, చెంచాను ఇంటింటా ప్రమాణం చేసినది. యూరపు వంటిండ్లు త్రాసునే నమ్ముకొన్నవి. నేటికీ ఒక ఖండపు వంటను మరొక ఖండంలో చేయబోయేవారు శిఖను గురించి కౌటిల్యుడు చెప్పిన ప్రశ్ననే ఎదుర్కొంటున్నారు.

తెలుగుదేశంలోనే ఈ మార్పిడి ఒక శాస్త్రంగా స్థిరపడినది. కూనూరులోని పోషకాహార పరిశోధనశాల 1958లో హైదరాబాదుకు తరలి, 1969లో జాతీయ పోషకాహార సంస్థగా పేరొందినది. కుటుంబాల ఆహారాన్ని పరిశీలించేవారు ‘నిన్న ఎంత తిన్నారు?’ అని అడిగితే ఎవరూ గ్రాములలో చెప్పరు. గిన్నెలలో, గరిటెలలో చెప్పుతారు. అందువల్ల ప్రమాణీకరించిన గిన్నెలను, చెంచాలను చూపి, ఉడికిన అన్నం పరిమాణం నుంచి పచ్చి బియ్యం బరువును లెక్కకట్టే పద్ధతిని ఏర్పరచుకొన్నారు. జనం నోటిలోని ‘ఎడు’ను శాస్త్రజ్ఞులు తోసిపుచ్చక, దానిని తూకంలోనికి తర్జుమా చేసుకొన్నారు.

భాష మాత్రం తన తీర్పును వేరుగా ఇచ్చినది. తెలుగువారు గ్లాసును స్వీకరించి ‘గ్లాసెడు’ అన్నారు, కప్పును స్వీకరించి ‘కప్పెడు’ అన్నారు, చెంచాను ‘చెంచాడు’ చేసినారు. కిలోను మాత్రం స్వీకరించి అరవై ఏండ్లు దాటినా ‘కిలోడు’ అనలేదు. లీటరుకు కూడా ఆ ప్రత్యయం పట్టలేదు. ‘వీసెడు’ వంటి ఒకటి రెండు పాత రూపాలు ఉన్నా, కొత్త తూకాలకు ఆ గౌరవం దక్కలేదు. చేతితో పట్టుకొని నింపగలిగిన దానినే భాష తన ప్రత్యయంతో కలుపుకొన్నది; సంఖ్యగా వచ్చిన దానిని సంఖ్యగానే ఉంచినది. ఊరు మారినా, రాష్ట్రం మారినా, చట్టం మారినా ఈ భేదం చెక్కుచెదరలేదు.

రచయితలకు, అనువాదకులకు ఇందులో ఆలోచింపదగినది ఉన్నది. పాత కథలో పేదరాలు పొరుగింటికి పోయి ‘మానెడు బియ్యం’ బదులు తెచ్చుకొంటుంది. దానిని మరొక భాషలోనికి మార్చేవారు ‘కిలో బియ్యం’ అని రాస్తే రెండు తప్పులు జరుగుతవి. మానిక ఆ ఊరిలో ఎంతో తెలియక వేసిన అంకె మొదటి తప్పు. రెండవది ఇంకా పెద్దది. బదులు తెచ్చినది ఏ పాత్రతోనో, తీర్చేది కూడా ఆ పాత్రతోనే. ఇద్దరి నడుమ న్యాయాన్ని నిలిపేది ఆ పాత్ర. కిలో అనగానే ఆ పాత్ర, దానితోపాటు ఆ ఇద్దరి సంబంధం కథ నుంచి తొలగిపోతవి. అట్టిచోట మానికను మానికగానే ఉంచి, సందర్భం చేత దాని పరిమాణం తెలిసేటట్టు చేయడమే మేలు. వంటల పుస్తకాన్ని మార్చేటప్పుడు ఇందుకు వ్యతిరేకం; అక్కడ అంకె కావలెను, కాని ప్రతి అంకె పక్కన పదార్థం పేరు, అది పొడిదో తడిదో, శిఖతోనో శిఖ లేకనో చెప్పవలెను. కథలో సంబంధం నిలవవలెను, వంటలో పాకం నిలవవలెను. రెండింటికీ ఒకే సూత్రం చెల్లదు.

సి.పి. బ్రౌన్ 1852లో ప్రకటించిన నిఘంటువు మొదలుకొని మన నిఘంటువులు సోల, తవ్వ, అడ్డ, కుంచం అనే మాటలను ఒకదానితో ఒకటి ముడిపెట్టి అర్థం చెప్పినవి. తవ్వ అంటే రెండు సోలలు, మానిక అంటే రెండు తవ్వలు అని తెలిసినంత మాత్రాన అందులో ఎంత బియ్యం పడుతుందో తెలియదు. ఆ ఒక్క ముడి వస్తువు నుంచే విడిపోవలెను. జమ్‌షెడ్‌పూరు వంటి ప్రవాస నగరాలలోను, శ్రీకాకుళం నుంచి తెలంగాణం దాకా పల్లెలలోను పాత ఇత్తడి తవ్వలు, చెక్క కుంచాలు అటకల మీద ఇంకా అక్కడక్కడ మిగిలి ఉన్నవి. వాటి పరిమాణాన్ని తెలుసుకోవడానికి పెద్ద పరికరాలు అక్కరలేదు. లోహపు పాత్రను అంచుదాకా నీటితో నింపి, ఆ నీటిని తూస్తే ఎన్ని గ్రాములో అన్ని మిల్లీలీటర్లు. చెక్క కుంచాన్ని పొడి బియ్యంతో నింపి, ఆ బియ్యాన్ని కొలత తెలిసిన పాత్రలో పోసి చూస్తే చాలును. ఊరి పేరు, పాత్ర పేరు, అందులో పట్టే నీటి బరువు, దానిని శిఖతో కొలిచేవారో లేదో: ఈ నాలుగు సంగతులు జిల్లాలవారీగా నిఘంటువులోనికి ఎక్కితే, పాత దానశాసనంలోని తూము, పాత కథలోని మానిక, అమ్మమ్మ ఉత్తరంలోని సోల ఎంతో ముందు తరాలవారు చెప్పగలుగుతారు. ఆ పాత్రలు పాత ఇత్తడి కింద అమ్ముడుపోక ముందే ఈ పని జరగవలసి ఉన్నది.